నోరు ముందా, అంకె ముందా

ప్రభుత్వాలు పడిపోయేది ఓట్ల వల్ల కాదు, మా అమ్మమ్మ కళ్లజోడు సవరించుకుని "ఊఁ" అన్నాకే. నమ్మనివాళ్లు ఓట్ల లెక్కింపు రోజున మా ముందుగదిలోకి వచ్చి చూసుకోవచ్చు. మూడు టీవీలు వరుసగా ఉంటాయి. ఒకటి మాది, ఒకటి మామయ్యది, మూడోది అందరి ముఖాలూ పచ్చగా చూపించే పాతది. వాటికి ఎదురుగా అమ్మమ్మ, ఒళ్లో నోటుపుస్తకం. అందులో రెండే గళ్లు: "అంకె", "నోరు". తెర మీద అంకె ఎప్పుడు మారింది, వార్తలు చదివేవాడి నోరు ఎప్పుడు "గెలిచారు" అంది. ఎనిమిదో తరగతి రెండుసార్లు చదివిన నాకే అర్థమయ్యే లెక్క.

ముప్పై ఒక్క ఏళ్ల కిందట ఆవిడ ఒక టీవీ కేంద్రంలో వార్తలాయన వెనక బోర్డుకు అంకెల పలకలు తగిలించేది. ఒక ఫలితాల రోజున ఆయన లెక్కింపు ముగియకుండానే ఒక అభ్యర్థిని గెలిపించేశాడు. చివరి రౌండులో ఆ అభ్యర్థి కాస్తా ఓడిపోయాడు. "మా బోర్డు అమ్మాయి తప్పు అంకె తగిలించింది, క్షమించాలి" అని వార్తలాయన చిరునవ్వుతో చెప్పాడు. అమ్మమ్మ ఉద్యోగం ఆ సాయంత్రమే ఊడింది. పాము పగ పన్నెండేళ్లంటారు. పాములకు మతిమరుపు ఎక్కువ.

ఇప్పుడు వార్తలాయన జుట్టు నెరిసి, మా టీవీలో పెద్దమనిషిగా కూర్చుంటున్నాడు. మొన్నటి లెక్కింపులో ఇద్దరు అభ్యర్థులు నూరు ఓట్ల తేడాలో ముందుకీ వెనక్కీ ఊగుతున్నారు. పచ్చముఖాల ఛానెల్ "ఇంకా రెండు రౌండ్లున్నాయి" అని నసుగుతోంది. మామయ్య టీవీలో నలుగురు ఒకేసారి అరుస్తున్నారు. వార్తలాయన మాత్రం బల్ల చరిచి, "గెలిచారు!" అన్నాడు.

"నాలుగూ పన్నెండు" అంటూ అమ్మమ్మ రాసుకుంది. "అంకె కదల్లేదు, చూశావుట్రా?"

"చూశాను అమ్మమ్మా. నీ బీపీ మాత్రం భారీ ఆధిక్యంలో ఉంది."

అరగంటలో ఫలితం తలకిందులైంది. వార్తలాయన అదే పాత చిరునవ్వు నవ్వాడు. "అంకెలు ఎక్కించే మా అమ్మాయి పొరపాటు. క్షమించాలి."

అమ్మమ్మ ఫోను తీసింది. ప్రేక్షకులు మాట్లాడే నంబరు ఆవిడకు కంఠతా వచ్చు. తొమ్మిదోసారికి కలిసింది.

"చెప్పండమ్మా" అన్నాడు తెర మీద వార్తలాయన.

"నాలుగూ పన్నెండుకి మీ నోరు గెలిపించింది బాబూ. అప్పుడు మీ తెర మీద ఎనభై ఏడు ఓట్ల ఆధిక్యం, ఇంకా రెండు రౌండ్లు అని ఉంది. మిగతా రెండు ఛానెళ్లలోనూ అదే అంకె. ఆ పిల్ల తప్పేముంది? ముప్పై ఒక్క ఏళ్ల కిందట మీ వెనక పలకా సరైనదే. తగిలించింది నేనే!"

వార్తలాయన నోరు తెరిచాడు. ఈసారి అందులోంచి "చిన్న విరామం" ఒక్కటే వచ్చింది. తెర వెనక ఎక్కడో ఒక ఆడపిల్ల పకపకా నవ్వింది. ఆ నవ్వు మిగతా ఛానెళ్లలో రాలేదు, మా టీవీలోనే వచ్చింది.

"పగ తీరిందిగా, ఇక ఈ టీవీలు కట్టేద్దామా?" అన్నాను.

"వాడింకా కుర్చీలోనే ఉన్నాడు. తెరకు అడ్డం తప్పుకో."