రెండో కృతజ్ఞత కూటం

మా కవిటి వైపు కిడ్నీ జబ్బు ఎరగని వీధి లేదు. నాన్నకూ వచ్చింది. ఒకసారి రిపోర్టులో క్రియాటినిన్ కాస్త తగ్గిందని అమ్మ పాస్టరుగారిని పిలిచి ఇంట్లో కృతజ్ఞత కూటం పెట్టించింది. అందరం చప్పట్లు కొట్టి పాడాం. ఆ సంబరం తర్వాతి రిపోర్టు వచ్చేదాకానే. ఇక డయాలసిస్ తప్పదన్నారు.

ఆ వారమే నాన్న మళ్లీ కూటం పెట్టమన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

"ఏటి నాన్నా, సచ్చిపోతన్నందుకా కృతజ్ఞత?" అని అరిచేశాను.

"మొన్న మనం రిపోర్టుకి సెప్పినాం రా. ఈపాలి దేవుడికి సెప్దాం."

వచ్చినవాళ్లందరికీ మా తోట బొండాలు కొట్టించాడు. ఆ నీళ్లు తను మాత్రం తాగకూడదు. వాచిన కాళ్లు చాపుకుని, ఎండిన పెదాలతో అందరికంటే గట్టిగా పాడాడు. నటన అనుకుందామంటే ఆ కళ్లు అలా లేవు. నేను గుమ్మంలో పళ్లు బిగించి నిలబడ్డాను, ఆమెన్ కూడా అనలేదు. ఆ వేసవి దాటకుండానే నాన్న పోయాడు.

కొన్నేళ్లకు అలాంటి రిపోర్టే నా పేరుతో చేతికొచ్చింది. టెక్కలి బస్టాండులో కూర్చుని, సిగ్గు లేకుండా ఏడ్చాను. ఇంటికి చేరి అమ్మ పక్కన కూర్చున్నాను.

"రిపోర్టు బాగోలేదమ్మా," అన్నాను. "పాస్టరుగారికి కబురెట్టు. నేను బొండాలు దింపిత్తాను."