మేనత్త గురక

మా మేనత్త నిద్రకు వేళాపాళా ఉండేది కాదు. ఇంట్లోనే బట్టలు కుట్టేది. కొలతలు తీసుకుంటూ తీసుకుంటూ ఎదుటి మనిషి భుజం మీదే తూగేది. ఒకసారి పన్ను పీకించుకోవడానికి కూర్చుని గురక పెడితే, పళ్ల డాక్టరు మత్తుమందు దండగని సూది పక్కన పెట్టేశాడట.

నా పదిహేనో ఏట ఆ నిద్ర మరీ ముదిరింది. అప్పటికి నాకు తెల్లవార్లూ చదువు, నిద్ర ఆపుకోవడానికి డబ్బాడు బిస్కెట్లు. ఒళ్లు చేశాను. రక్తంలో చక్కెర అంచుదాకా వచ్చిందన్నాడు డాక్టరు.

"ఎదిగే పిల్ల. నిద్ర చాలకపోతే ఇలాగే అదుపు తప్పుతుంది. ఇంకా పెరిగితే మందులు మింగాలి."

"పరీక్షలయ్యాక పడుకుంటుంది లెండి," అన్నాడు నాన్న.

పక్క కుర్చీలో మేనత్త గుర్రు పెడుతోంది.

ఆ రాత్రి నుంచే మొదలు. భోజనాలయ్యాక నేను పుస్తకం తెరవడమే ఆలస్యం, వచ్చి నా ఒళ్లో తల వాల్చేసేది. పుస్తకం ఆవిడ చెంప కింద నలిగేది.

"అత్తా, లే! రేపు పరీక్ష!"

"గుర్ర్..."

"అక్కా, పిల్లను చదువుకోనియ్యవే!" అనేవాడు నాన్న.

"ముందా లైటు తియ్యరా. కళ్లలో పొడుస్తోంది," అనేది నిద్రలోనే.

నేను కదిలితే గురక పెరిగేది. కదలకుంటే సన్నబడి, ఎక్కడో నీళ్ల మీద ఎవరో తెడ్డు వేస్తున్నట్టు వినిపించేది. కిటికీ తెర ఉబ్బి, మెల్లగా వాలేది. ఏ క్షణాన ఆ పడవ ఎక్కేసేదాన్నో తెలిసేది కాదు. ఇప్పుడు ఈ వయసులో, నిద్ర పట్టనప్పుడల్లా ఆ తెడ్డు చప్పుడు కోసమే చెవి ఒగ్గుతాను.

తెల్లారి చూస్తే నా తల కింద దిండు, ఒంటి మీద దుప్పటి, గోడ కొక్కేలకు కొత్తగా కుట్టిన గౌన్లు. అవి ఎప్పుడు కుట్టావని ఎవరమూ అడగలేదు. పగలంతా ఆవిడ మిషను మీద తల పెట్టి తూగుతుంటే మాత్రం అందరం నవ్వేవాళ్లం.

చలికాలం పోయాక మళ్లీ పరీక్షకు రక్తం ఇచ్చాను. డాక్టరు కాగితం విప్పాడు. ఉన్నట్టుండి మేనత్త గురక ఆగిపోయింది. కళ్లు మాత్రం గట్టిగా మూసుకునే ఉన్నాయి.

"చక్కెర దారికొచ్చింది. ఏం చేశారేమిటి?"

గురక మళ్లీ అందుకుంది, ఈసారి కాస్త రాగం కలిపి.

నాన్న ఆవిడ మొహం మీదికి వంగాడు. "అక్కా, నిజంగానే నిద్రపోతున్నావా?"

"ఆఁ," అంది మేనత్త. "మంచి నిద్రలో ఉన్నా. లేపకు."