కోసి చూడని మాట

ఆరేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. పెద్దదేం కాదు. ఒక్క మాట. హోంవర్కు ఇంట్లో మర్చిపోయానని పిల్లలు నాకు చెప్పే అబద్ధమంత కూడా ఉండదు. కానీ దాన్ని నమ్మిన మనిషి ఇప్పుడు లేదు. చెప్పిన నేను ఉన్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు చెప్పను. తెలిసినవాళ్లకు చెప్పలేకే మీ దగ్గరికి వచ్చాను. నూజివీడు పక్క ఊళ్లో లెక్కల టీచర్ని అనుకోండి, చాలు.

ఎనిమిదేళ్ల కింద మెడలో బిళ్ల కట్టిందని చూపించుకుంటే లింఫోమా అన్నారు. విజయవాడలో ఆరు నెలలు కీమో. రత్నం పరిచయమైంది అక్కడే. వాళ్లది చాట్రాయి వైపు ఒక పల్లె. మొగుడూ పెళ్లాం మూడెకరాల మామిడితోట చేసుకునేవాళ్లు. నాకంటే పదేళ్లు చిన్నది. ఇద్దరిదీ ఒకటే జబ్బు, పక్కపక్క కుర్చీలు. నాకు జుట్టు ఊడిపోయి ఏడుస్తుంటే, చెట్టు ఒక ఏడాది కాయలేదని నరికేసుకుంటామా టీచర్ గారూ అని నవ్వించింది. తన తల అప్పటికే గుండు.

వైద్యం అయ్యాక ఆర్నెల్లకోసారి చెకప్. ఇద్దరం ఒకే రోజు పెట్టించుకునేవాళ్లం. తను పొద్దున్నే నూజివీడు బస్టాండుకు వచ్చేది, అక్కడి నుంచి ఒకే బస్సు. రిపోర్టులు ఇంగ్లీషులో ఉంటాయి కదా, తీసుకోగానే నా చేతిలో పెట్టేది. నేను చదివి బాగుందంటే బాగున్నట్టే. డాక్టర్ గారు చెప్పేదంతా తర్వాత మాట. నా మాటకు అంత విలువ ఇవ్వడం నాకు ఇష్టంగా ఉండేది. అదీ ఒప్పుకోవాలి.

ఆ మనిషి ఊరికే దేన్నీ నమ్మే రకం కాదు. ఒకసారి వాళ్ల తోటలో చూశాను. కోతకు ముందు చెట్టుకొక కాయ తెంపి, అడ్డంగా కోసి, టెంక ముదిరిందా, లోపల పురుగుందా అని చూసి గానీ కోతవాళ్లను చెట్టెక్కనిచ్చేది కాదు. పైకి నున్నగా ఉన్నంత మాత్రాన ఏం తెలుస్తుందండీ, కోసి చూడాల్సిందే అనేది.

ఆరేళ్ల కింద మార్చిలో, ఇంకో రెండు వారాల్లో చెకప్ ఉందనగా, స్నానం చేస్తుంటే దవడ కింద చేతికి బిళ్ల తగిలింది. ఆ క్షణం ఎలా ఉంటుందో ఆ జబ్బు చేసినవాళ్లకు చెప్పక్కర్లేదు, చేయనివాళ్లకు చెప్పినా అర్థం కాదు. ఎవరికీ చెప్పలేదు. మా ఆయనకు కూడా. కొంగు మెడ చుట్టూ కప్పుకుని తిరిగాను. బోర్డు మీద లెక్క చేస్తూ మధ్యలో ఎడమచేత్తో తడిమి చూసుకునేదాన్ని, పెరిగిందా, తగ్గిందా, అలాగే ఉందా అని. చూపించుకుంటే తేలిపోతుంది. తేలిపోవడమే నాకు భయం. చెకప్‌కు వెళ్లకుండా ఉండటానికి ఏ వంక దొరుకుతుందా అని వెతుకుతున్న రోజుల్లో రత్నం ఫోన్ చేసింది.

"టీచర్ గారూ, చంకలో చిన్న బిళ్లలాగా తగులుతోందండీ. నొప్పేం లేదు. మీకెప్పుడన్నా అలా వచ్చిందా?"

నా చెయ్యి మెడ మీదే ఉంది.

"వచ్చింది. ఇప్పుడే, మెడ దగ్గర."

"మరి చూపించుకున్నారా?"

"చూపించుకున్నాను. ఏం కాదన్నారు. అన్ని మందులు పడిన ఒళ్లు కదా, అలా వస్తుంటాయట, పోతుంటాయట."

రత్నం ఊపిరి వదిలింది, ఫోన్లో వినపడింది.

"బతికించారండీ. నాలుగు రోజుల్నించి అన్నం సయించట్లేదు. మా ఆయనేమో పద ఆస్పత్రికి అని ఒకటే గోల. పిందె నిలిచింది, మందు కొట్టించాలి, ఇప్పుడు తోటొదిలి ఎలా వెళ్తాను? మరి మన చెకప్ సంగతేంటి?"

"నాకూ పరీక్షల డ్యూటీ పడింది రత్నం. కాయ దిగాక వెళ్దాంలే ఇద్దరం."

"అలాగేనండీ. కాయ దిగాక వెళ్దాం."

అంతే. ఫోన్ పెట్టేశాక పిల్లల పేపర్లు దిద్దుకున్నాను.

ఎందుకలా అన్నాను? ఆమెకు ధైర్యం చెప్పడానికి అని చాలా కాలం నాకు నేనే చెప్పుకున్నాను. అది కూడా అబద్ధమే. వెళ్లి చూపించుకో అని ఆమెతో అంటే, నేనూ అదే బస్సు ఎక్కాలి. ఆమె పక్కన అదే బెంచీ మీద కూర్చోవాలి. నా భయాన్ని దాచుకోవడానికి ఆమెను ఆపాను. అన్ని కాయలనూ కోసి చూసే మనిషి, నా మాటను మాత్రం కోసి చూడలేదు.

పది రోజులకు నా బిళ్ల దానంతటదే కరిగిపోయింది. పంటి నొప్పికి వాచిందేమో. ఆ రోజు ఇంట్లో పాయసం చేశాను, ఏమిటి విశేషమంటే ఊరికే అన్నాను. అప్పుడైనా ఫోన్ చేసి, ఎందుకైనా మంచిది ఒకసారి చూపించుకో అని ఉండొచ్చు కదా. ఫోన్ చేతిలోకి తీసుకున్నాను కూడా. మొన్న ఏం కాదన్నారని చెప్పి ఇప్పుడు వెళ్లమంటున్నారేంటి అని అడిగితే ఏం చెప్పను? నా పరువు పోతుంది. ఫోన్ పక్కన పెట్టేశాను. మొదటిది భయంలో నోరు జారిన మాట అనుకుంటే అనుకోండి. ఈ రెండోది తీరిగ్గా, తెలిసి చేసింది.

కోతలయ్యాయి. జూన్‌లో బస్టాండులో చూస్తే రత్నం జాకెట్టు వదులైపోయి ఉంది. సాయంత్రమైతే జ్వరం వస్తోందట. ఎండల్లో తిరిగాను కదండీ అంది. ఆస్పత్రిలో ఎప్పటిలాగే పక్కన కూర్చున్నాను, ఆమె ఫైలు నా ఒళ్లో ఉంది. ఇది ఎప్పటి నుంచి ఉందని డాక్టర్ గారు అడిగారు. మార్చి నుంచి అంది. మరి అప్పుడే ఎందుకు రాలేదన్నారు. టీచర్ గారు ఇలా చెప్పారండీ అని ఒక్క మాటంటే, నా ఫైలు తిరగేస్తారు, మార్చిలో నేను రాలేదని తెలిసిపోతుంది. రత్నం నా వైపు చూడలేదు. తోట పనిలో పడ్డానండీ అంది.

తెలిసే అందా? నన్ను కాపాడిందా? ఇప్పటికీ తెలియదు. అడిగే ధైర్యం ఎప్పుడూ రాలేదు.

జబ్బు చాలా దూరం పాకింది. మళ్లీ కీమో పెట్టారు, ఈసారి పనిచేయలేదు. మామిడి పూత మీద ఉండగా పోయింది. మూడు నెలలు ముందు వెళ్లి ఉంటే బతికేదా? ఏ డాక్టరూ నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు. బతికేది కాదేమో. ఆ 'ఏమో' చాటునే ఇన్నేళ్లు దాక్కున్నాను.

చర్చిలో ఆమె జ్ఞాపకార్థం ఆదరణ కూడిక పెట్టారు. ఆమె భర్త ఏసుదాసు లేచి, ఆ వేసవంతా మా రత్నం దిగులు లేకుండా ఉందంటే టీచర్ గారు చెప్పిన ధైర్యమేనండీ అన్నాడు. అందరూ నా వైపు గౌరవంగా చూశారు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నాడట. నేను మెడ తడుముకున్నాను. అప్పటి నుంచి ప్రతి వేసవికీ చిన్నరసాల బుట్ట ఒకటి పంపిస్తున్నాడు. ఒక్క కాయ నోట పెట్టలేదు. షుగరని చెప్పి వీధిలో పంచేస్తాను. నాకు షుగర్ లేదు.

ఇక ఇప్పటి సంగతి. ఏప్రిల్‌లో మెడ కింద కాలర్ ఎముక పైన మళ్లీ బిళ్ల. చేతికి తగలగానే నాకు వచ్చిన మొదటి ఆలోచన ఏమిటో తెలుసా? సెలవులిచ్చాక చూద్దాంలే. ఇన్నేళ్లు లోపల కుమిలినదాన్ని, నేర్చుకున్నది ఇంతే. పదిహేడు రోజులు ఆగి అప్పుడు మా ఆయనకు చెప్పాను. నిన్న పరీక్షకు ముక్క తీశారు. కట్టు కింద కుట్లు లాగుతున్నాయి. రిపోర్టు శుక్రవారం వస్తుంది.

శుక్రవారం దాకా ఆగకుండా ఇవాళే ఎందుకు రాస్తున్నానంటే, నా సంగతి నాకు తెలుసు. ఏం లేదని వస్తే మళ్లీ పాయసం చేసుకుని నోరు మూసుకుంటాను. ఉందని వస్తే, చేసినదానికి శిక్ష పడిందిలే, చెల్లుకు చెల్లు అనుకుని అప్పుడూ నోరు మూసుకుంటాను. చెల్లు కాదు. నా ఒంట్లో ఉన్నా లేకపోయినా రత్నం రాదు.

ఏసుదాసుకు చెప్పాలా? చెబితే నా బరువు దిగుతుంది, అతనికి మిగిలిన ఆ ఒక్క ఊరటా పోతుంది. చెప్పకపోవడం అతని మీద దయేనా, లేక నా పాత భయమేనా? ఆలోచించేకొద్దీ రెండోదే అనిపిస్తోంది. ఇంకా తేల్చుకోలేదు. ఈ ఏటి బుట్ట పొద్దున్నే వచ్చింది. వంటింట్లో ఉంది, ఇల్లంతా వాసన. ఈసారి ఇంకా ఎవరికీ పంచలేదు.

క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతిలో లేదు. ఆ రోజు ఫోన్లో అనాల్సిన మాట ఆరేళ్లుగా గొంతులోనే ఉండిపోయింది. దాన్నొకసారి బయటికి అననివ్వండి.

లేదు రత్నం, నేను చూపించుకోలేదు. నాకు భయమేసింది. రేపు పొద్దున్నే బస్టాండుకు రా, ఇద్దరం వెళ్దాం.