మావయ్యగారి నాలుగో కుస్తీ

మా మావగారు ఒకప్పుడు వస్తాదు. నేను కాపరానికి వచ్చేసరికే ఆయన కుస్తీలు మానేసి ఏడెనిమిదేళ్ళయింది. అయినా ఆ మెడ, ఆ భుజాలు, నలిగి ముద్దయిపోయిన ఎడమ చెవీ అలాగే ఉన్నాయి. వీధరుగు మీద కూర్చుంటే సగం అరుగు ఆయనే. చుట్టుపక్కల ఎవరికి కీలు జరిగినా, మెడ పట్టినా ఆ అరుగు మీదికే వచ్చేవారు. ఆయన వాళ్ళ చెయ్యో కాలో ఒళ్ళోకి తీసుకుని తన కుస్తీల్లో ఒకటి మొదలుపెట్టేవారు. వింటున్న మనిషి తన నొప్పి మరిచిపోయి గోదాలోకి వెళ్ళిపోయిన క్షణం చూసి, కీలు సర్దేసేవారు. కథ మాత్రం మధ్యలో ఆపేవారు కాదు. నయమైపోయిన మనిషి కూడా చివరిదాకా కూర్చుని వినాల్సిందే.

ఆయన చెప్పుకునే మంచి కుస్తీలు మూడు. మొదటిది అమలాపురంలో, యుద్ధం రోజుల్లో. ఎక్కడో బళ్ళారి వైపు నుంచి వచ్చిన జెట్టి, ఈయనకి రెండింతలు. ఈయన పావుగంటసేపు ఒక్క పట్టూ పట్టకుండా ఆ మనిషిని గోదా అంతా తిప్పి, రొప్పు వచ్చేదాకా ఆగి, అప్పుడు వంగి కాలు అందుకున్నారు. రెండోది కొత్తపేటలో. మధ్యాహ్నం మొదలైన కుస్తీ పొద్దు వాలినా తేలలేదు. ఇద్దరిలో ఎవరి వీపూ మట్టికి ఆనలేదు. పెద్దలే లేచి చెరో పూలదండ వేసి ఇళ్ళకి పొమ్మన్నారు. మూడోది రాజోలులో ఓడిపోయినది. ఓడిపోయినదాన్ని మంచివాటిలో ఎందుకు కలుపుతారని ఎవరైనా అడిగితే, అంత అందంగా తనని మరెవరూ పడెయ్యలేదండీ అనేవారు.

ఇవన్నీ నాకు తలుపు వెనకనుంచి తెలిసినవే. మా ఇంట్లో కోడలు మావగారి ఎదట నిలబడదు, ఆయనతో మాట్లాడదు. ఆయన ఏమైనా అడగాలంటే అత్తయ్యగారితో అంటారు. నేను పక్కనే ఉన్నా సరే, అత్తయ్యగారు నా వైపు తిరిగి మళ్ళీ అదే మాట అడుగుతారు. నా జవాబూ ఆ దారినే వెళ్ళాలి. కాకినాడలో బి.ఏ. చదివినన్నాళ్ళూ మాస్టర్లకి ఎదురుగా నిలబడి జవాబులు చెప్పినదాన్ని, పెళ్ళయిన మూడేళ్ళదాకా ఆయనతో ఒక్క మాట ఆడలేదు.

అసలు సంగతి ఇంకోటి ఉంది. నాకు ఆయన చేతులంటే భయం. పాప పుట్టిన దగ్గర్నుంచీ దానికి తుమ్మొచ్చినా నాకు నిద్రపట్టదు. శిశుపోషణ పుస్తకం ఒకటి తెప్పించుకుని, అందులో లేని జబ్బులు కూడా ఊహించుకునేదాన్ని. అంతంత చేతులతో ఆయన పాపని ఎత్తుకోబోతుంటే, పాలు పట్టాలనో స్నానమనో అత్తయ్యగారితో చెప్పించి లోపలికి తెచ్చేసుకునేదాన్ని. ఆయనకి తెలియకపోదు. తరవాత తరవాత ఎత్తుకోవడం మానేసి, పాప దగ్గరికొస్తే ఒక్క వేలు మాత్రం చాపేవారు.

మొన్న శ్రావణంలో, పాపకి రెండో ఏడు నిండబోతుండగా జరిగింది. మా దొడ్డి వెనక పొలాలకి నీళ్ళు పారే పంట బోదె ఉంది. దానిమీద దాటడానికి ఒక కొబ్బరి దుంగ వేసి ఉంటుంది. పోస్టు జవాను అవతలి గట్టునే వెళ్ళిపోతాడు. మావారిది కాకినాడలో ఉద్యోగం. ఆయన ఉత్తరం వచ్చి తొమ్మిది రోజులయింది. వానలకి దుంగ నాచు పట్టి ఉంది, పిల్లతో అటు వెళ్ళకని అత్తయ్యగారు ఆ పొద్దున్నే చెప్పేరు. సైకిలు గంట వినపడేసరికి నేను పాప చెయ్యి పట్టుకుని దుంగెక్కేను. సగం దూరంలో దాని కాలు జారింది. పట్టుకున్న చేతిని గట్టిగా పైకి లాగేను. బోదెలో పడలేదు గాని, గట్టు మీదికి తెచ్చేసరికి పాప కుడి చెయ్యి పక్కకి వేలాడేసుకుని, కదపకుండా ఏడుస్తోంది. పోస్టు జవాను ఆగకుండానే వెళ్ళిపోయేడు, ఉత్తరం కూడా లేదు.

ఏమైందని అత్తయ్యగారు అడిగితే, దొడ్లో ఆడుతూ పడిపోయిందండి అన్నాను. ఆ మాట ఎలా వచ్చిందో నాకే తెలియదు. పొద్దున్న ఆవిడ చెప్పినది ఒకటే చెవిలో ఉంది.

ఆవిడ పాపని అరుగు మీదికి తీసుకెళ్ళేరు. నేను తలుపు వెనక నిలబడ్డాను. మావయ్యగారు పాపని ముట్టుకోలేదు. చుట్టూ తిరిగి చూసేరంతే. తరవాత అత్తయ్యగారితో, "పడిందా, ఎవరైనా లాగేరా, అమ్మాయిని అడుగు" అన్నారు.

పడిందని చెప్పింది కదండీ అన్నారావిడ.

పడితే తను చెయ్యి వెయ్యనన్నారు. ఎముక విరిగి ఉండొచ్చు, పడవ మాట్లాడి అమలాపురం డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాల్సిందే. ఈ వానలో కాలవ మీద పూట పడుతుంది, పిల్ల అంతసేపూ ఏడవాల్సిందే. "లాగితే మాత్రం నా పని. క్షణం పట్టదు."

నేను తలుపు వెనకే ఉండిపోయేను. పడవ సంగతి చూడమని మనిషిని కేకేస్తారనుకున్నాను. ఆయన అరుగు మీద కూర్చుని, పాప కాళ్ళకి అంటిన బురద తుండుతో తుడుస్తూ, కుస్తీ చెప్పడం మొదలుపెట్టేరు. నేనెప్పుడూ విననిది.

తాలింఖానాలో తనకో జత ఉండేవాడట. రోజూ ఇద్దరూ కలిసే దండీలు తీసేవారు, కలిసే పట్లు నేర్చుకునేవారు. ఒకరోజు గురువుగారు లేనప్పుడు, నేర్పని పట్టొకటి ఈయన సొంతంగా వేసి, అతని చెయ్యి పట్టుకుని గుంజేరు. అతని భుజం కీలు జారిపోయింది. గురువుగారు వచ్చి అడిగితే, గోదాలో కాలు జారి పడ్డాడండీ అన్నారు. స్నేహితుడు కూడా కాదనలేదు. పడినవాడికి చేసే వైద్యమే చేసేరు. వెదురు బద్దలు కట్టి నలభై రోజులు ఉంచేరు. విప్పేసరికి చెయ్యి భుజం దాటి లేవలేదు.

"నాకంటే మంచి పనివాడు. ఆ రోజు గెలిచింది నేనే. దాన్ని ఎక్కడా చెప్పుకోను" అన్నారు. పాప మోచేతుల కేసి చూసి, అత్తయ్యగారితోనే, మెల్లిగా, "పడిన పిల్లకి చేతులు ఇంత శుభ్రంగా ఉండవు" అన్నారు.

నేను తలుపు ఇవతలికి వచ్చేను. ఆయన ఎదట నిలబడ్డానని అప్పుడు తోచలేదు.

"నేనే లాగేనండి, మావయ్యగారూ. దుంగ మీద జారింది. మణికట్టు పట్టుకుని పైకి లాగేను."

అత్తయ్యగారు నోరు తెరిచేరు. ఆయన చెయ్యెత్తి ఆవిడని ఆపి, "ఆయ్, అలా చెప్పమ్మా" అన్నారు, సూటిగా నాతోనే.

పాపని నా ఒళ్ళో కూర్చోబెట్టించేరు. ఒక చేత్తో దాని మోచేతిని పట్టుకుని, బొటనవేలు కీలు మీద ఆనించేరు. ఆ వేలు పాప మోచేయంత ఉంది. నేను కళ్ళు మూసుకున్నాను. అమలాపురం కుస్తీ మొదలైంది. జెట్టి తొడ చరిచేడు. ఈయన చుట్టూ తిప్పుతున్నారు. జెట్టికి రొప్పు వస్తోంది. "అప్పుడు వంగి..." అంటూ పాప అరచేయి పైకి తిప్పి, చేయి మడిచేరు. టిక్కుమని చిన్న చప్పుడు. పాప ఒక్క కేక పెట్టి ఆగిపోయింది.

ఎవరూ ముట్టుకోవద్దన్నారు. కాసేపయ్యాక కొబ్బరి ముక్క తెప్పించి దాని ముందు పట్టుకున్నారు. ఎడం చెయ్యి చాపింది. ఆ చేతిలో తన వేలు పెట్టి, కొబ్బరి ముక్క కుడివైపుకి జరిపేరు. పాప దాన్ని చూసింది, నన్ను చూసింది. కుడి చెయ్యి కొంచెం లేచి, ఆగి, మళ్ళీ లేచి ముక్కని అందుకుంది. సగం కొరికి, మిగతాది ఆయన నలిగిన చెవిలో పెట్టబోయింది.

నాకు అప్పుడొచ్చింది ఏడుపు. "బియ్యే చదివి, నాచు దుంగ మీద పిల్లని నడిపించింది" అన్నారు అత్తయ్యగారు, తన కొంగుతో నా మొహం తుడుస్తూ. ఆ రోజంతా ఆవిడ ఆ మాట అంటూనే ఉన్నారు. నాకు ఒక్కసారీ కోపం రాలేదు.

పాప నిద్రపోయాక ఇది రాస్తూ కూడా, దాని కుడి చెయ్యి ఒకసారి మడిచి, చాచి చూసేను. రోజూ చూస్తాను. బాగానే ఉంది. నాలుగో కుస్తీని ఆయన మళ్ళీ ఎవరికీ చెప్పలేదు.

ఆ రోజు పాప తన ఒళ్ళోకి ఎక్కి కూర్చున్నాక, ఆయన అలవాటుగా అత్తయ్యగారి వైపు తిరిగి, ఎక్కడిదాకా చెప్పేనని అడిగేరు. ఆవిడ నా వైపు తిరగబోతుండగా, నేనే అందుకున్నాను.

"వంగేరండి. ఇంకా కాలు అందుకోలేదు."