రైలు వేళకు సిద్దమ్మ గుర్రమెక్కింది

కల్లూరు దాటి కొంతదూరం పోతే, బాటకూ రైలుకట్టకూ మధ్యన రెడ్డిగారి బీడు ఉండేది. విత్తనం పడి మూడు నాలుగేళ్ళయిన నేల. తుమ్మకంపలు, గరిక, వాన పడితే కాసింత పచ్చగడ్డి. ఆ బీడు చివర చిన్న కొట్టంలో సిద్దమ్మ ఒక్కతే ఉండేది. ఒక్కతే అంటే మనుషుల లెక్కలో. గుర్రాలు ఏడెనిమిది ఉండేవి.

ఆ గుర్రాలు ఆమెవి కావు. కర్నూలు స్టేషను దగ్గర జట్కాలు తోలేవాళ్ళవి. రాజధాని కర్నూల్లో ఉన్న మూడేళ్ళూ వాళ్ళకు ఊపిరాడనంత గిరాకీ. గుడారాల్లో ఆఫీసులు, ఆఫీసుల చుట్టూ అర్జీలు పట్టుకుని తిరిగే జనం. రైలు దిగినవాడు దిగినట్టే జట్కా ఎక్కేవాడు. ఒక గుర్రం ఉన్నవాడు రెండోదాన్ని కొన్నాడు. ఆ తర్వాత రాజధాని హైదరాబాదుకు పోయింది. గుడారాలు పీకేశారు, ఆఫీసర్లు పెట్టెలు సర్దుకున్నారు. గుర్రాలు మాత్రం మిగిలిపోయాయి. పని లేని గుర్రాన్ని వాకిట్లో కట్టేసి ఉలవలు పెట్టే తాహతు ఎవరికుంటుంది? అందుకని జట్కావాళ్ళు వంతులు వేసుకుని కొన్నిటిని బండికి కట్టి, కొన్నిటిని బీడుకు తోలేవారు. గుర్రాల లద్దె నేలకు బలమని రెడ్డిగారు కాదనలేదు. కావలి ఉండేది సిద్దమ్మ మొగుడు నరసన్న.

సిద్దమ్మ పుట్టిల్లు బేతంచెర్ల. అమ్మా నాయనా ఇద్దరూ బండల గనిలో పనిచేసేవారు. పొద్దున లేస్తే సుత్తుల మోత, మధ్యాహ్నం సుత్తుల మోత. ఆ మోతలో పెరిగిన పిల్లకు మొదట్లో ఈ బీడులో చెవులు మూసుకుపోయినట్టుండేది. గుర్రాల వాసనకు అన్నం సయించేది కాదు. నరసన్న చెడ్డవాడు కాడు. కొట్టలేదు, తిట్టలేదు, మాట్లాడనూ లేదు. తన దగ్గరున్న నాలుగు మాటలూ గుర్రాలకే ఖర్చుపెట్టి ఇంటికొచ్చేవాడు. పిల్లలు పుట్టలేదు. అతనికి సొంతమని ఉన్నది ఒక ముసలి ఆడగుర్రం, బూడిదరంగుది. దాన్ని బూడిదమ్మా అని పిలిచేవాడు. భార్యను ఏమే అనేవాడు.

ఒక ఎండాకాలంలో జ్వరం తగిలి నరసన్న పోయాడు. దినాలకు బంధువులొచ్చారు. వాళ్ళున్నన్ని రోజులూ సిద్దమ్మకు ఏడుపు రాలేదు. పొయ్యి దగ్గర పొగకు కళ్ళు తుడుచుకుంటుంటే చూసి ఓదార్చారు కూడా. అందరూ వెళ్ళిపోయిన రోజు సాయంత్రం గుర్రాలు ఒకటొకటిగా కొట్టం దగ్గరికొచ్చి, కంచె మీదుగా తలలు పెట్టి లోపలికి చూశాయి. ఎవరి కోసమో ఆమెకు తెలుసు. అప్పుడు ఏడ్చింది. తడి చెంగుతో అట్లాగే లేచి పోయి, అన్నిటి మెడలూ నిమిరింది. అంతకుముందు వాటిని ముట్టుకున్నదే తక్కువ.

బేతంచెర్లకు వచ్చేయమని తమ్ముడు చెప్పిపోయాడు. తమ్ముడి భార్య మాత్రం ఆ మాట అనలేదు. సిద్దమ్మ సరేననలేదు, కాదనలేదు. ఆషాఢం గాలికి కొట్టం మీది బోదగడ్డి లేచిపోతుంటే రాళ్ళు ఎత్తిపెట్టుకుంటూ అక్కడే ఉండిపోయింది. పొద్దున లేచి తొట్టి నింపేది. కాళ్ళకు ముళ్ళు దిగితే తీసేది. నొసట చుక్క ఉన్న ఎర్రగుర్రం ఆమె కొప్పులో మూతి పెట్టి వాసన చూసేది. అది పుల్లయ్య అనే జట్కావానిది. పగలంతా మనిషి మాట వినపడకపోయినా గుర్రాలు గడ్డి కొరికే చప్పుడు వినపడుతుండేది. ఆ చప్పుడుంటే చాలనిపించేది.

చిక్కంతా సాయంత్రం రైలుతో వచ్చింది.

డోను వైపు నుంచి వచ్చే రైలు హంద్రి ఏటి వంతెన ఎక్కబోయే ముందు కూత వేస్తుంది. ఏళ్ళ తరబడి ఆ కూత వినగానే జట్కాకు కట్టించుకుని స్టేషనుకు పరుగెత్తిన గుర్రాలవి. బీడులో మేస్తున్నా సరే, కూత వినపడితే తలలెత్తేవి. చెవులు నిక్కేవి. ఒకదాని వెనక ఒకటి బాట పట్టి కదిలేవి. మెడ మీద కాడి లేదు, వెనక బండి లేదు, అయినా కదిలేవి. నరసన్న ఉన్నప్పుడు ఒక్కటీ బీడు గట్టు దాటలేదు. అతనేం చేసేవాడో సిద్దమ్మ ఎన్నడూ చూడలేదు. ఆ వేళకు ఆమె చేదబావి దగ్గర ఉండేది.

నరసన్న పోయాక ఆమెకు తోచింది ఆమె చేసింది. అన్నిటికంటే పెద్దది, దారి తెలిసినది బూడిదమ్మే కాబట్టి అదే ముందు పోతుందని, దాన్ని కొట్టంలో కట్టేసింది. కట్టె పట్టుకుని బాటకు అడ్డం నిలబడి, గొడ్లను మళ్ళించినట్టు “హేయ్, హేయ్” అని గొంతు చించుకుని అరిచింది. జట్కా గుర్రానికి వెనక నుంచి అరిచినా ముందు నుంచి అరిచినా అర్థం ఒక్కటే, ఇంకా బిరాన పొమ్మని. కొన్నాళ్ళు అన్నీ బెదిరి ఆగాయి. ఒక సాయంత్రం చుక్కగుర్రం ఆమె పక్కనుంచి దూసుకుపోయి, హంద్రి ఇసుక దాటి, ఊళ్ళో పడి, స్టేషను ముందర జట్కాల వరసలో తన చోట పోయి నిలబడింది.

స్టేషను దగ్గర ఆ సాయంత్రం తోటి జట్కావాళ్ళకు నవ్వులే నవ్వులు.

“ఏమప్పా పుల్లయ్యా, గుర్రం వచ్చె, బండి యాడ పెట్టినావు?”

“రైలు దిగినోళ్ళను ఈపు మీద ఎక్కించుకుంటాదేమోలే!”

పుల్లయ్యకు తల కొట్టేసినట్టయింది. మర్నాడు పొద్దున్నే జట్కావాళ్ళ పెద్ద ఖాసిం సాయిబును వెంటబెట్టుకుని బీడుకొచ్చాడు.

“ఇదేం కావలమ్మా సిద్దమ్మా? అది లారీ కింద పడుంటే నేను ఎవురితో సెప్పుకోవల్ల?” అన్నాడు పుల్లయ్య.

సిద్దమ్మ తలుపు చాటున నిలబడి నేల చూస్తూ ఉంది. పరాయి మగవాళ్ళ ఎదుట ఆమెకు నోరు పెగలదు.

“ఆడమనిషి, అడ్డం పడి ఆపుతాదా?” అని ఖాసిం సాయిబు మెల్లగా సర్దిచెప్పబోయాడు.

“ఆపల్యాకపోతే వదిలేయమను సాయిబన్నా. మా బావమరిది ఆత్మకూరు కాడ ఉండాడు. అడివంచున మేపు శానా ఉండాది. ఆడికి తోలేద్దాం అన్నిటినీ.”

సాయిబు గడ్డం నిమురుకుని, “శుక్రవారం నమాజయినాక వస్తాం తల్లీ. రైలేళకు నీ కండ్ల ముందరే సూస్తాం. ఒక్క గుర్రం గట్టు దాటినా, పుల్లయ్య సెప్పినట్టే” అన్నాడు.

వాళ్ళు పోయాక సిద్దమ్మ చాలాసేపు గడప మీదే కూర్చుంది. గుర్రాలు పోతే కావలి పోతుంది, కొట్టం పోతుంది, అది నిజమే. ఆమె దిగులు దానికి కాదు. గడ్డి కొరికే చప్పుడు లేని బీడు ఎట్లా ఉంటుందో ఊహించుకుంది. తమ్ముడింటి వసారా, తమ్ముడి భార్య వెనక్కి తిరిగి వండుకుంటూ ఉండటం కళ్ళముందుకొచ్చింది.

లద్దె ఏరుకోవడానికి రోజూ బీడుకొచ్చే గురమ్మ ఆమెను చూసి గంప దింపింది. గురమ్మకు నోటి దురుసు ఎక్కువ, కానీ వచ్చినప్పుడల్లా ఆగి పలకరించి పోయేది ఆమె ఒక్కతే.

“ఏం మే, మొగం అట్ల పెట్టుకున్నావు?”

సిద్దమ్మ చెప్పింది.

“అరిసినావా? నీ మొగుడు ఎప్పుడన్నా అరిసెనా మే? మూడేండ్లాయె ఈడ లద్దె ఎత్తబట్టి, ఆయప్ప గొంతెత్తింది నేను ఇనల్యా. రైలు కూసే ముందరే బూడిదమ్మనెక్కి వాటి నడుమ పోయి నిలబడేటోడు. టేసను దిక్కు సూసేటోడే కాదు. అది కదల్యాకుంటే తక్కినవీ కదిలేటివి కావు.”

“దాన్నేమో నేను కట్టేసి పెట్టినానక్కా.”

“మంచి పని జేసినావులే! పెద్దమ్మను ఇంట్లో పెట్టి పిల్లోళ్ళను బజారుకు తోలినట్టు.” గురమ్మ నవ్వింది. నవ్వి, ఆమె మొహం చూసి ఆపింది. “ఇంగ నువ్వే ఎక్కల్ల.”

“ఛీ, నేనా? ఆడదాన్ని!”

“అయితే ఎక్కొద్దు. పో, మీ తమ్మునింటికి పో” అని గురమ్మ గంపెత్తుకుంది.

ఆ మాట గుచ్చుకుంది. మర్నాడు పొద్దు పొడవకముందే సిద్దమ్మ బూడిదమ్మను బట్టలుతికే బండ దగ్గరకు తెచ్చి నిలబెట్టింది. బండ ఎక్కితే గుర్రం వీపు ఆమె నడుముకు వస్తుంది. చీర గోచి పెట్టుకుని, చుట్టూ చూసి, జూలు పట్టుకుని కాలు వేయబోయింది. గుర్రం పక్కకు జరిగింది. ఆమె బండ మీద కూలబడింది. రెండోసారి ఎక్కింది గాని అటు జారింది. మోచేయి చెక్కుకుపోయింది. గుర్రం తల తిప్పి చూసింది, ఈమె ఏంచేస్తున్నదో అర్థం కానట్టు. శుక్రవారానికి ఆమెకు ఎక్కడం మాత్రం వచ్చింది. నాలుగడుగులు నడిస్తే పడకుండా ఉండటం వచ్చింది. దిగడం ఇంకా రాలేదు. దిగడమంటే జారి పడటమే.

శుక్రవారం సాయంత్రం ఖాసిం సాయిబు, పుల్లయ్య వచ్చి గట్టు మీద కూర్చున్నారు. పుల్లయ్య చేతిలో పలుపుతాళ్ళు ఉన్నాయి. అప్పుడే తోలుకుపోయేటట్టు తయారుగా వచ్చాడు. గురమ్మ కూడా గంప పక్కన పెట్టుకుని దూరంగా నిలబడింది.

సిద్దమ్మ బూడిదమ్మను బండ దగ్గరకు తెచ్చి నిలబెట్టింది. చాటున ఎవరూ లేనప్పుడు ఎక్కడం వేరు. ఇద్దరు మగవాళ్ళు గట్టు మీద కూర్చుని చూస్తుంటే చీర గోచి పెట్టుకుని కాళ్ళు చాపి గుర్రమెక్కడం వేరు. ఒక్క క్షణం, తోలుకుపోనీలే అనుకుంది. అంతలో చుక్కగుర్రం మేత ఆపి తల ఎత్తింది. కూత ఇంకా వినపడలేదు, పట్టాల అదురు దాని గిట్టలకు తెలిసినట్టుంది. సిద్దమ్మ బండెక్కింది. ఎవరి మొహమూ చూడకుండా గుర్రం మీద పడింది.

“అయ్యో, ఇదేందప్పా!” అన్నాడు పుల్లయ్య.

“ఊరకుండప్పా” అన్నాడు సాయిబు.

బూడిదమ్మకు దారి చెప్పాల్సిన పని లేకపోయింది. అది మెల్లగా నడిచి గుర్రాల నడుమకు పోయి ఆగింది. జీను లేని వీపు వెచ్చగా ఉంది. దాని ఊపిరి తన తొడల కింద లేచి పడటం సిద్దమ్మకు తెలుస్తున్నది. కూత వినపడింది. చుట్టూ తలలు లేచాయి. రెండు గుర్రాలు ఆమె మోకాళ్ళను రాసుకుంటూ ముందుకు కదిలాయి. అరవాలని గొంతుదాకా వచ్చింది. పెదవి కొరికి ఆపుకుంది. గురమ్మ చెప్పినట్టు స్టేషను దిక్కు చూడకుండా కొట్టం వైపు చూస్తూ కూర్చుంది. బూడిదమ్మ తోకతో ఈగలు తోలుకుంటూ ఉంది, రైలుతో తనకేం పనన్నట్టు.

ముందుకు పోయిన రెండూ ఆగాయి. చుక్కగుర్రం ఆగలేదు. అది గట్టు దాకా పోయింది. పుల్లయ్య తాళ్ళు పట్టుకుని లేచి నిలబడ్డాడు. సిద్దమ్మ మడమతో బూడిదమ్మను తాకిందో, అదే కదిలిందో ఆమెకూ తెలియదు. ముసలి గుర్రం తొందర లేకుండా నడిచి, చుక్కగుర్రానికి పక్కగా పోయి, తన భుజాన్ని దాని భుజానికి ఆనించి నిలబడింది. సిద్దమ్మ వంగి, చేయి చాపి, దాని జూలులో వేళ్ళు పెట్టింది. ఆ చర్మం అదురుతున్నది. వంతెన మీద రైలు దడదడా పోయింది. ఆ చప్పుడు పూర్తిగా ఆగిపోయేదాకా మూడు ప్రాణాలూ అట్లాగే ఉన్నాయి. తర్వాత చుక్కగుర్రం గట్టిగా ఊపిరి వదిలి, తల దించి, గట్టు వార గరిక కొరికింది.

“మా తల్లే!” అని గురమ్మ అరిచి, నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది.

ఖాసిం సాయిబు లేచి పంచె దులుపుకున్నాడు. “ఇంగేం మాట్లాడతావప్పా? పద.”

పుల్లయ్య తాళ్ళు చుట్టుకున్నాడు. “నరసన్న గుర్రం కదా అది. ఆయప్ప బాగ నేర్పి పోయినాడు” అన్నాడు.

“అవును, నరసన్న పనితనమే అది. ఉండనీ, ఈడనే ఉండనీ” అన్నాడు సాయిబు.

ఇద్దరూ ఆమె వైపు చూడకుండా మర్యాదగా మొహాలు పక్కకు తిప్పుకుని బాట పట్టారు. సిద్దమ్మకు ఏమన్నా అనాలనిపించింది. చెక్కుకుపోయిన మోచేయి గుర్తొచ్చింది. నరసన్న బతికుండగా ఆ గుర్రాన్ని తనను ముట్టనిచ్చినవాడు కూడా కాదని చెప్పాలనిపించింది. నోరు తెరిచేసరికి వాళ్ళు హంద్రి వాలు దిగిపోయారు.

“దిగు మే, పొద్దుగూకుతాంది” అని గురమ్మ గంపెత్తుకుంటూ అంది. “రేపు బాయి కాడ ఆడోళ్ళంతా నీ మాటే. శానా మంది మూతులు తిప్పుతారు, ఇప్పుడే సెప్తాండా.”

“తిప్పనీలే అక్కా.”

గురమ్మ కూడా వెళ్ళిపోయింది. గాలి తగ్గింది. సిద్దమ్మ దిగుదామని కాలు ఇటు తెచ్చుకోబోయి, మళ్ళీ మానుకుంది. గుర్రాలు చెదిరి మేతకు పడ్డాయి. వాటి వెంట బూడిదమ్మ కూడా మేసుకుంటూ ఒక్కో అడుగే వేస్తున్నది. అది వంగినప్పుడల్లా ముందుకు జారకుండా సిద్దమ్మ జూలు పట్టుకుంటున్నది. ఎటు తోలాలని ఆమెకు లేదు. ఆ ముసలి గుర్రం గడ్డి ఉన్న చోటికల్లా పోతూ ఉంటే, దాని మీద కూర్చుని తనూ పోతూ ఉంది.