కాపరి దాచిన తుమ్మ మొక్క

ఖతర్‌లో ప్రపంచ కప్ కోసం స్టేడియాలు కడుతున్న రోజులవి. ఒక శుక్రవారం నగరంలోని అల్ సద్ పేటకు వెళ్లే బస్సులో నా పక్కన కంటికి కట్టుతో యాభై ఏళ్ల మనిషి కూర్చున్నాడు. అతను కుదురుగా లేడు. నిమిషానికోసారి ఫోన్ చేస్తున్నాడు. అవతల ఎవరూ ఎత్తడం లేదు.

"ఏమైందన్నా?" అని అడిగాను.

"ఎడారిల గొర్లు కాస్త తమ్మీ. నెల బతిమాలితే కన్ను సూపెట్టుకోను మా యజమాని ఇయ్యాల పంపిండు. మంద కొత్తోని చేతిల పెట్టొచ్చిన."

"గొర్రెలు తప్పిపోతాయని భయమా?"

"గొర్లకేం గాదు. నేనొచ్చినప్పుడు ఆడ గడ్డి ఉండె, పొదలుండె. ఎనిమిదేండ్లల్ల నేనే అంతా మేపిన. ఇప్పుడు ఉత్త రాళ్లే. మొన్నటి వానకు ఒక్క తుమ్మ మొక్క మొలిచింది. మందను అటు పోనియ్యకుంట రోజూ తిప్పుకొస్తున్న. వానికి చెప్పుడు మర్చిపోయిన."

మళ్లీ ఫోన్ చేశాడు. ఎత్తలేదు. బస్సు ఆగగానే చటుక్కున లేచాడు.

"ఆస్పత్రి ఇంకా రాలేదన్నా! మరి కన్ను?"

"మల్ల అడుగుత తమ్మీ. పంపకపోడు" అన్నాడు. ఆ మాట మీద అతనికే నమ్మకం ఉన్నట్టు లేదు. దిగి, రోడ్డు దాటి, వెనక్కి వెళ్లే బస్సు కోసం ఎండలో నిలబడ్డాడు.

మొక్క బతికిందో లేదో నాకు తెలియదు. అప్పట్లో నా డ్యూటీ స్టేడియం బయట చాపల్లా చుట్టి తెచ్చిన పచ్చికను పరచడం. మర్నాడు ఫోర్‌మన్ "యల్లా, యల్లా" అని తరుముతున్నా, కొత్త పచ్చికను తొక్కబుద్ధి కాక చుట్టూ తిరిగి వెళ్లాను.