అత్తగారి అరగంట

అత్తగారికి ఉన్నది ఒక్కటే పిచ్చి. ఎవరింటికి వెళ్లినా, వాళ్లు కూర్చోమనేలోపే వంటగదిలోకి నడిచి ఓవెన్ తలుపు తీసి చూస్తారు. మురికి కనబడిందా, ఇక ఆ పూటంతా ఆ ఇంట్లోనే.

కోడలికి ఈ సంగతి సంబంధం మాట్లాడుకున్న రోజునే తెలిసింది. పెద్దలంతా ముందుగదిలో మర్యాదలు ఒలకబోస్తుంటే కాబోయే అత్తగారు కనిపించలేదు. వెతగ్గా వెతగ్గా వంటగదిలో మోకాళ్ల మీద కూర్చుని, తల ఓవెన్‌లో పెట్టి దొరికారు. కళ్లు తిరిగాయేమోనని కోడలి తండ్రి చెంబుతో నీళ్లు తెచ్చాడు. ఆవిడ చెంబు అందుకుని, అందులో గుడ్డ తడిపి, పని కొనసాగించారు.

మిగతావాళ్ల చేతిసంచీలో దువ్వెనా అద్దమూ ఉంటాయి. ఆవిడ సంచీలో వంటసోడా డబ్బా, పాత టూత్‌బ్రష్, రబ్బరు తొడుగులు, వెనిగర్ సీసా. ముందు ప్లగ్గు పీకేస్తారు. లోపలి జాలీలు తీసి వేడినీళ్లలో పడేస్తారు. సోడాను నీళ్లతో ముద్దగా కలిపి, వేడెక్కే కడ్డీలకు తగలకుండా గోడలకు పట్టిస్తారు. ఆపైన కుర్చీ లాక్కుని కూర్చుంటారు. అరగంట నానాలట. ఆ అరగంటలో ఆవిణ్ణి కదిలించడం ఎవరి తరమూ కాలేదు. డాక్టరుగారింటి విందులో అతిథులు చల్లారిన అన్నం తిని వెళ్లారు గాని, ముద్ద మాత్రం చక్కగా నానింది. డాక్టరుగారి భార్య కూడా అంతసేపూ వంటగదిలోనే ఉండిపోయింది. ఆ రోజు నుంచి కోడలు అత్తగారి వెంట ఎక్కడికీ వెళ్లడం మానేసింది.

కింది అంతస్తులో ఒక బస్సు డ్రైవరు ఒంటరిగా ఉండేవాడు. చూపు మందగించిందని ఉద్యోగం నుంచి తప్పించాక నెల రోజులుగా తలుపు తీయడం లేదు. ఎవరు పలకరించినా బాగానే ఉన్నానని లోపలినుంచే చెప్పి పంపేస్తున్నాడు. ఒక ఆదివారం అత్తగారు అక్కడికి బయలుదేరారు. ఆవిడకు మోకాలు నొప్పిగా ఉండటంతో సంచీ మోయడానికి కోడలికి తప్పలేదు.

తలుపు తట్టి, ఓవెన్ శుభ్రం చేయడానికి వచ్చామన్నారు అత్తగారు. దీనికి లోపలినుంచి చెప్పే జవాబేదీ డ్రైవరు దగ్గర సిద్ధంగా లేదు. తలుపు తెరుచుకుంది.

ముద్ద పట్టించి కూర్చున్నారు. తర్వాత అత్తగారు, బస్సు మన వీధి మలుపులో అంత నెమ్మదిగా ఎందుకు తిరిగేదని అడిగారు. డ్రైవరు ఆ మలుపు దగ్గర మొదలుపెట్టి, ముప్పై ఏళ్ల దారంతా తిరిగి, తాళాలు అప్పగించి ఇంటికి నడిచొచ్చిన రోజు దగ్గర ఆగాడు. అప్పటికి ముద్ద ఎండిపోయింది. అత్తగారు తుడిచేశారు.

"బాగా జిడ్డుందా చెల్లెమ్మా?" అన్నాడు.

"బాగా ఉందన్నయ్యగారూ. ఇంకోసారి పట్టించాలి."

కోడలు అత్తగారి చేతిలోని గుడ్డ చూసింది. సోడా తెలుపు తప్ప మరకే లేదు. ఆ ఓవెన్ కొన్నాక ఒక్కసారైనా వాడినట్టు లేదు. మెట్లెక్కుతూ ఆ మాటే అడిగింది.

"మురికి ఉంటేనే వెళ్లాలంటే ఎలాగమ్మా?" అన్నారు అత్తగారు. "కొందరు మరీ శుభ్రంగా ఉంటారు."

విందు రోజు డాక్టరుగారి భార్య ఏం చెప్పుకుందో అడగాలనిపించింది కోడలికి.

తర్వాతి ఆదివారం డ్రైవరే పైకి వచ్చాడు. రొట్టె కాల్చబోయి మాడ్చేశాడట, ఓవెన్ నిండా మసేనట. ఇద్దరూ వెళ్లి చూశారు. ఇది అరగంటలో వదిలేది కాదని అత్తగారు తేల్చారు.

"తొందరేం లేదు చెల్లెమ్మా," అన్నాడు డ్రైవరు. మూడు కుర్చీలు అప్పటికే వేసి ఉన్నాయి.